గుర్తుచేసే గంట ముందే మోగాలి

శిశువుకు పుట్టగానే బి.సి.జి., 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్, 9 నెలలు నిండగానే తట్టు-రుబెల్లా టీకా వేయించాలి. ఇన్ని తేదీలు జ్ఞాపకముంచుకోవడం ఏ తల్లికైనా కష్టమే. నా ఉద్యోగకాలంలో తేదీని కార్డుపై రాసి ఇచ్చేవాళ్లం. ఆ కార్డు పెట్టె అడుగున ఉండిపోయేది. నేడు కేంద్ర ప్రభుత్వపు యూ-విన్ వ్యవస్థ తదుపరి టీకాను గుర్తుచేస్తూ మొబైల్‌కు సందేశం పంపుతోంది. ఇది స్వాగతించదగిన మార్పు.

అయితే ఆ సందేశం ఎప్పుడు, ఎవరికి చేరుతుందన్నదే అసలు ప్రశ్న. సిద్దిపేట పరిసర గ్రామాల్లో కూలికి వెళ్లే తల్లికి ఆనాటి ఉదయం తెలిస్తే ప్రయోజనమేమి? ఒప్పుకున్న పని మానలేదు. నమోదైన నంబరు తండ్రిదై, ఆయన హైదరాబాదులోనో గల్ఫులోనో ఉంటే కబురు ఇల్లు చేరదు. కనుక వారం ముందొకసారి, ముందురోజు సాయంత్రం మరొకసారి గుర్తుచేయాలి. చదువురాని వారికి తెలుగులో మాటగా వినిపించాలి. తల్లులారా, నమోదు సమయంలో మీ నంబరే ఇవ్వండి.

తేదీ దాటిందని టీకా మానవద్దు. సాధారణంగా వరుసను మొదటినుంచి ప్రారంభించనక్కరలేదు. ఆరోగ్య కేంద్రంలో అడిగి మిగిలినవి వేయించండి. ఫోను మోగకపోయినా, తలుపు తట్టే ఆశా కార్యకర్త మాట వినండి.