పగ పద్దు

రాయలసీమవాళ్లకు పగ రక్తంలోనే ఉంటుందట. సినిమా ఉన్నదున్నట్టు చూపించిందట. పాతికేళ్లుగా ఇదే పాట. హైదరాబాదులో ఎవరైనా ఊరడిగితే ఆళ్లగడ్డ అని చెప్పి చూడండి. అవతలి మనిషి ముందు నవ్వుతాడు, తర్వాత సినిమాల్లో గాల్లోకి లేచే సుమోల సంగతి అడుగుతాడు. అది రాళ్లకు రూపమిచ్చే శిల్పుల ఊరని, నంద్యాల చుట్టూ కేసీ కాలువ కింద వరి పండుతుందని చెప్పబోతే వినే ఓపిక ఉండదు.

చంపుకోవడాలు జరగలేదని నేననను. నాటుబాంబులు నిజం, తాళి తెగిన ఆడవాళ్లు నిజం. నా పేచీ కారణం దగ్గర. 1999లో సమరసింహారెడ్డి ఆడాక కత్తుల సినిమాలు వరస కట్టాయి. 2002లో ఆది వచ్చేసరికి సూత్రం గట్టిపడింది: కన్నవాళ్లను చంపారు, కొడుకు పెరిగొచ్చి బాకీ తీర్చాడు. అంతే. దేనికోసం చంపారన్నది రెండు మాటల్లో దాటిపోతుంది.

ఊళ్లో లెక్క వేరు. సీమ పల్లెలో ‘పార్టీ’ అంటే జెండా కాదు, ఎవరి వెనక ఎవరున్నారన్నది. అలా వెనక నిలబడటానికి కారణంగా 1993 దాకా సారా వేలం ఉండేది, రోడ్డు కాంట్రాక్టు ఉంది, సర్పంచి కుర్చీ, పోలింగు బూతు ఉన్నాయి. వాటా తెగనప్పుడు కొడవలి లేచింది, తెగినప్పుడు ‘రాజీ’ అయ్యారు. కోర్టు వరండాలో ఓ పూట కూర్చుంటే ఆ మాట ఎన్నిసార్లు వినపడుతుందో! ఫ్యాక్షన్ సినిమాలో మాత్రం దానికి చోటు లేదు. రాజీ పడిపోతే ఇంటర్వెల్ ఎక్కడ వేస్తారు?

ఆళ్లగడ్డనే తీసుకోండి. భూమా, గంగుల కుటుంబాలు దశాబ్దాలపాటు ఎన్నికల్లో ఎదురెదురుగా నిలిచాయి. 1991లో పి.వి. నరసింహారావు కోసం నంద్యాల ఎంపీ సీటు ఖాళీ చేసిన గంగుల ప్రతాపరెడ్డి, 2017 నంద్యాల అసెంబ్లీ ఉపఎన్నిక వేళకు తెలుగుదేశంలో చేరారు. ఆ పార్టీ అభ్యర్థి భూమా బ్రహ్మానందరెడ్డి. ఆయనే గెలిచారు. నెత్తుట్లో ఉన్న వైరమైతే ఎన్నికల గంట కొట్టగానే ఇంకిపోతుందా?

ఇంకో సరదా సంగతి. సీమ పగను నవ్వుతూ చూపించిన మర్యాద రామన్న (2010)కు మూలం బస్టర్ కీటన్ 1923లో తీసిన మూకీ సినిమా. దానికి ఆధారం అమెరికా కొండల్లో హాట్‌ఫీల్డ్, మెకాయ్ కుటుంబాలు పడ్డ గొడవ. ఇంట్లో ఉన్నంతసేపూ అతిథిని చంపకూడదన్న నియమం కూడా ఆ మూకీ సినిమాలోదే. అంతకు ఎనభై ఏడేళ్ల ముందు అమెరికా సినిమాలో చూపిన పగ మన పెద్దింటి గడపకు ఇంత చక్కగా అతుక్కుందంటే, పగ ఈ మట్టి ప్రత్యేకత అనే వాళ్లు ఏ మట్టి గురించి మాట్లాడుతున్నట్టు?

సీమ మనిషే కెమెరా పట్టినప్పుడు ఏం చూశాడో కూడా చూద్దాం. తాడిపత్రి కె.వి. రెడ్డి 1954లో పెద్దమనుషులు తీశాడు. అందులో తొడ కొట్టేవాడు లేడు, తాతలనాటి వైరం లేదు. పురపాలక ఛైర్మన్ ఉన్నాడు, అతని చుట్టూ చేరిన పెద్దలున్నారు. వాళ్ల చేతుల్లో జనం సొమ్ము ఉంది.