గినీపిగ్‌కు నొప్పి మందు అడగకూడదా?

గినీపిగ్‌ని మీలో చాలామంది చూసే ఉంటారు. చిన్న చెవులు, తోక లేదు, పెద్దదైతే బరువు కిలోకు కాస్త అటూ ఇటూ. పేరులో పంది ఉన్నా ఇది పంది కాదు. గినీ దేశపుదీ కాదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతం దీని పుట్టిల్లు. ఎలుక, ఉడుతల కోవకు చెందిన కొరికే జంతువు. ఒకప్పుడు మన పిల్లలకు ఇది ప్రయోగశాల జంతువుగానే, అదీ పుస్తకంలో బొమ్మగానే తెలుసు. ఇప్పుడు పట్టణాల్లో దుకాణాల నుంచి ఇళ్లకు వచ్చి చేరుతోంది. మరి దానికి జబ్బు చేస్తే? ఇలాంటి చిన్న జంతువుల వైద్యంలో ప్రత్యేకంగా శిక్షణ పొందిన డాక్టర్లు పెద్ద నగరాల్లో ఏ కొద్దిమందో ఉంటారు. మిగతా చోట్ల మనకున్నది పశువుల ఆసుపత్రే. అక్కడి డాక్టరుగారు పొద్దుటి నుంచీ గేదెల చూడి పరీక్షలు, గాలికుంటు టీకాలు, ఎద్దు కాలి పుళ్లు చూస్తూ ఉంటారు. ఆ వరుసలో అట్టపెట్టె పట్టుకుని మీరు.

ఆ డాక్టరుగారిని “దీనికి నొప్పి ఉందా? నొప్పి తగ్గడానికి ఏమైనా ఇస్తారా?” అని అడగవచ్చా? అడగాలనే నా అభిప్రాయం. అడిగితే పెద్దవారిని పరీక్షించినట్టవుతుందని కొందరు తల్లిదండ్రులు సంకోచిస్తారు. “ఎలుకంత జంతువుకు నొప్పి మందేమిటి, నవ్వుతారు” అనేవారూ ఉన్నారు. ఈ రెండు మాటలూ నాకు నచ్చవు. ఎందుకో చెబుతాను, మీరే ఆలోచించండి.

కుక్క కాలు నలిగితే వీధంతా వినబడుతుంది. గినీపిగ్ అలా కాదు. ఇది వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. గడ్డి మైదానంలో మందలో ఏది నీరసంగా కనిపిస్తే దాని మీదనే శత్రువు కన్ను పడుతుంది. కాబట్టి బాధను పైకి కనిపించనివ్వకపోవడం దానికి తరతరాలుగా అబ్బిన రక్షణ. నొప్పి ఉన్నప్పుడు అది ఏం చేస్తుందంటే, ఏమీ చేయదు! మూలకు చేరి వీపు గూనిలా పెట్టి కూర్చుంటుంది. కళ్లు సగం మూస్తుంది. వెంట్రుకలు రేగి ఉంటాయి. ఒక్కోసారి పళ్లు నూరుతుంది. మీరు కొత్తిమీర కట్ట విప్పిన చప్పుడుకే కీచుమని గోల చేసే జంతువు ఆ రోజు మౌనంగా ఉంటుంది. “బుద్ధిగా ఉంది” అని ఇంట్లోవాళ్లు మెచ్చుకుంటారు కూడా!

అరవడం లేదు కాబట్టి నొప్పి లేదు అనుకోవడం ఎంత బలహీనమైన తర్కమో మనుషుల వైద్యంలోనే రుజువైంది. 1980ల దాకా చాలా దేశాల్లో నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు శస్త్రచికిత్స చేసేటప్పుడు నొప్పి మందు చాలా తక్కువగా ఇచ్చేవారు, కొన్నిసార్లు అసలు ఇచ్చేవారు కాదు. వాళ్ల నాడీమండలం ఇంకా పక్వం కాలేదనీ, మత్తు ప్రమాదకరమనీ వాదన. 1987లో కన్వల్‌జీత్ ఆనంద్ అనే భారతీయ వైద్యుడు, ఇంగ్లండులో తన సహచరులతో చేసిన పరిశోధనను ‘లాన్సెట్’ పత్రికలో ప్రచురించారు. ఫెంటనిల్ అనే నొప్పి మందు కలిపి ఇచ్చిన శిశువుల రక్తంలో ఒత్తిడి హార్మోన్లు తక్కువగా పెరిగాయి. ఆపరేషన్ తరువాత చిక్కులూ తక్కువగానే వచ్చాయి. మాట రాని శిశువు రక్తమే సాక్ష్యం చెప్పిందన్నమాట. జంతువుల విషయంలో కూడా ముఖమే చూసి నొప్పిని అంచనా వేసే కొలమానాన్ని కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వారు 2010లో ఎలుకల కోసం తయారుచేశారు. కళ్లు ఎంత ముడుచుకున్నాయి, చెవులు ఎటు తిరిగాయి, మీసాలు ఎలా ఉన్నాయి అని ఒక్కొక్కదానికీ మార్కులు వేస్తారు. పరీక్షల మార్కుల్లా కాదు, ఇక్కడ ఎక్కువ వస్తే బాధ ఎక్కువ.

ఇక అసలు సంగతికి వద్దాం. గినీపిగ్ విషయంలో నొప్పి తగ్గించడం కేవలం జాలికి సంబంధించినది కాదు, ప్రాణానికి సంబంధించినది. దీని జీర్ణవ్యవస్థ గుర్తుంచుకోండి. ఇది పూర్తి శాకాహారి. ఆవు లాగా నాలుగు గదుల పొట్ట లేదు. గడ్డిలోని పీచును పులియబెట్టే సూక్ష్మజీవులు పెద్దదైన అంధనాళంలో నివసిస్తాయి. ఆ కార్ఖానా ఆగకుండా నడవాలంటే పైనుంచి గడ్డి పడుతూనే ఉండాలి. పంటికి నొప్పో, మూత్రాశయంలో రాయో వచ్చిందనుకోండి. నొప్పి వల్ల తినడం మానేస్తుంది. తినకపోతే పేగుల కదలిక మందగిస్తుంది. లోపల వాయువు చేరి పొట్ట ఉబ్బుతుంది. ఉబ్బితే మరింత నొప్పి, మరింత అరుచి. మనిషి ఒక పూట లంఖణం చేస్తే ఒంటికి మంచిదంటారు. గినీపిగ్ ఒక రోజు తినకపోతే అది అత్యవసర పరిస్థితి. అసలు రోగానికి మందు సరిగ్గా పడినా, ఈ చక్రం తెగకపోతే జంతువు దక్కదు. చక్రాన్ని తెంచే కత్తెరల్లో నొప్పి మందు ఒకటి.

పాతకాలపు వైద్యంలో ఒక వాదం ఉండేది: నొప్పి ఉంటేనే జంతువు కదలకుండా పడి ఉంటుంది, కుట్లు తెంచుకోదు, కాబట్టి నొప్పిని పూర్తిగా తగ్గించవద్దు అని. ఎద్దు విషయంలో ఆ మాటకు ఎంత బలముందో డాక్టర్లే తేల్చుకోవాలి. కదలకుండా పడి ఉన్న గినీపిగ్ మాత్రం మేత మానేసిన గినీపిగ్. దానికి ఆ విశ్రాంతి పనికిరాదు.

మరి గేదెల డాక్టరు దగ్గర దీనికి మందు ఉంటుందా? ఇక్కడ మీకో ఆసక్తికరమైన కథ చెప్పాలి. ఉంటుంది, ఆ మందు అక్కడ ఉండడంలో రాబందులకూ వాటా ఉంది! 1990లలో మన దేశంలో రాబందులు కుప్పకూలినట్టు తగ్గిపోయాయి. కారణం ఏమిటో 2004లో తేలింది. పశువులకు నొప్పి, వాపు తగ్గడానికి వాడే డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా రాబందులకు చేరి వాటి మూత్రపిండాలను పాడుచేస్తోంది. 2006లో మన ప్రభుత్వం పశువుల కోసం ఆ మందు తయారీని నిషేధించింది. అదే ఏడాది రాబందుల మీద పరీక్షించి, వాటికి హాని చేయదని తేల్చిన మరో మందు మెలాక్సికామ్. 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్‌లను కూడా పశువైద్యంలో నిషేధించారు. అందువల్ల మెలాక్సికామ్ మన పశువైద్యులకు చేయి తిరిగిన మందు. విదేశాల్లో చిన్న జంతువుల డాక్టర్లు గినీపిగ్‌లకు ఎక్కువగా వాడే నొప్పి మందుల్లోనూ అదే ముఖ్యమైనది. మందు బీరువాలోనే ఉందన్నమాట. కావలసింది మోతాదు.

మోతాదు దగ్గర మీకు తెలిసిన గణితం కొంచెం చూద్దాం. 1932లో మాక్స్ క్లైబర్ అనే శాస్త్రవేత్త జంతువుల బరువుకూ, జీవక్రియ వేగానికీ ఉన్న సంబంధాన్ని చూపించాడు. దాని ప్రకారం 400 కిలోల పశువుతో పోలిస్తే కిలో బరువున్న జంతువు, కిలోకు ఎన్ని రెట్లు శక్తి ఖర్చు చేస్తుంది? 400కు వర్గమూలం కట్టండి, 20. దానికి మళ్లీ వర్గమూలం కట్టండి, దాదాపు నాలుగున్నర. అంటే చిన్న జంతువు పొయ్యి నాలుగున్నర రెట్లు చురుకుగా మండుతోంది. కాబట్టి చాలా మందులు దాని శరీరం నుంచి త్వరగా వెళ్లిపోతాయని ఊహించవచ్చు.

అయితే ఈ లెక్కనే నమ్ముకుని మందు వేయవచ్చా? కూడదు. మెలాక్సికామ్‌నే చూడండి. పశువులకు మోతాదు కిలోకు 0.5 మిల్లీగ్రాములు. వాటి కంటే ఎంతో చిన్నదైన కుక్కకు మొదటి రోజు 0.2, తరువాత 0.1 మాత్రమే! లెక్క తలకిందులైంది కదా. ఎందుకంటే ఏ జాతి కాలేయం దాని పద్ధతిలో మందును విరగ్గొడుతుంది. గినీపిగ్‌కు పుస్తకాల్లో ఉన్న మోతాదు కిలోకు కుక్క మోతాదు కంటే కొన్ని రెట్లు ఎక్కువ. కుక్కను రోజూ చూసే డాక్టరు ఆ అలవాటు కొద్దీ కుక్క లెక్కన ఇస్తే మందు ఇచ్చినట్టే ఉంటుంది, నొప్పి మాత్రం తగ్గదు. అలాగని మీరు ఇంట్లో పెంచి ఇస్తే? ఈ జాతి మందులు ఒంట్లో నీరు తగ్గిన జంతువుకు మూత్రపిండాల మీద దెబ్బ కొడతాయి. తినని గినీపిగ్ ఒంట్లో సాధారణంగా నీరు తక్కువే ఉంటుంది. అందుకే అంకె నేను ఇక్కడ రాయడం లేదు. అది డాక్టరుగారు చూసి, తూచి, రాయవలసిన అంకె. ఇంట్లో మనుషులకున్న మాత్రలు విరిచి పెట్టడం అసలే వద్దు.

మీ పని వేరే ఉంది, అది డాక్టరుగారు చేయలేని పని. ఆయన మీ గినీపిగ్‌ని పది నిమిషాలు చూస్తారు. మీరు రోజూ చూస్తారు. మామూలు రోజుల్లో అది ఎంత తింటుంది, ఎన్ని పెంటికలు వేస్తుంది, ఎంత బరువుంది అన్నది మీకే తెలియాలి. వారానికోసారి కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద బుట్టతో సహా తూచి, బుట్ట బరువు తీసేసి, తేదీ వేసి రాసుకోండి. ఈ మాత్రం ఓపిక లేకపోతే జంతువును కొనకపోవడమే మంచిదని నేను మా విద్యార్థులతో కటువుగానే అంటుంటాను.

అప్పుడు ఆసుపత్రిలో మీ మాట ఇలా ఉంటుంది:

“సార్, పోయిన ఆదివారం దీని బరువు 920 గ్రాములు, ఇవాళ 850. నిన్న మధ్యాహ్నం నుంచి గడ్డి ముట్టలేదు. రాత్రి పెంటికలు పన్నెండే వేసింది, అవీ చిన్నవి. మూత్రంలో ఎర్రటి చార కనిపించింది.”

“ఇవన్నీ ఎవరు రాశారమ్మా?”

“నేనే సార్. నొప్పి వల్లే తినడం లేదేమో అనిపిస్తోంది. నొప్పికి ఏమైనా ఇవ్వవచ్చా సార్?”

“ఇవ్వవచ్చు. కాని ఈ జంతువు మోతాదు నాకు కంఠతా లేదే.”

“పుస్తకం చూసి చెబుతారా సార్? మేము బయట కూర్చుంటాం.”

చూశారా, ఇందులో పెద్దవారిని తక్కువ చేసిన మాట ఒక్కటీ లేదు. తెలియదని చెప్పే డాక్టరును నేను ఎక్కువ గౌరవిస్తాను. ఆయనకు మందుల శాస్త్రం తెలుసు. తిరుపతిలోనో రాజేంద్రనగర్‌లోనో పశువైద్య కళాశాలలో తెలిసినవారికి ఫోను చేసి కనుక్కోగలరు. సెల్‌ఫోనులో ఏదో చదివి “మీకు తెలియదు, ఇదిగో ఈ మందు రాయండి” అని ఆయన ముందు పెట్టే పిల్లలను కూడా నేను విన్నాను. డాక్టరుకు కోపం వస్తుంది, రావాలి కూడా. ఫలానా మందు రాయమనడం వేరు, నొప్పి సంగతి ఏమిటని అడగడం వేరు.

ఒకవేళ “ఇప్పుడు వద్దు” అంటే కారణం అడగండి. ముందు ఒంట్లోకి నీరు ఎక్కించాలి అనవచ్చు, మూత్రపిండాల మీద అనుమానం ఉంది అనవచ్చు. అవి మంచి కారణాలు. వాటికి బదులుగా మరో జాతి నొప్పి మందు వీలవుతుందా అని అడగవచ్చు. “ఇలాంటివి తట్టుకుంటాయిలే” అన్నది మాత్రం కారణం కాదు. అప్పుడు వినయంగానే మీ నోటుపుస్తకంలోని బరువుల వరుస మళ్లీ చూపించండి.

ఇంకొక్క ప్రశ్న మరచిపోవద్దు. యాంటీబయాటిక్ రాస్తే, “ఇది గినీపిగ్‌కు పడుతుందా సార్?” అని అడగండి. పెన్సిలిన్, దాని బంధువులైన ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్ మనకూ పశువులకూ మామూలు మందులు. గినీపిగ్ అంధనాళంలో మాత్రం మంచి సూక్ష్మజీవులను చంపి, విషం పుట్టించే బాక్టీరియా పెరగడానికి దారి ఇస్తాయి. 1940 మే 25న ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ బృందం పెన్సిలిన్‌ను మొదట ఎనిమిది చిట్టెలుకలతో పరీక్షించింది. మందు పడిన నాలుగూ మరునాటికి బతికే ఉన్నాయి. ఆ రోజు వాళ్ల చేతికి గినీపిగ్‌లు అంది ఉంటే పెన్సిలిన్ కథ ఎటు పోయేదో!

విటమిన్ ‘సి’ సంగతి కూడా డాక్టరుగారితో అనండి. మనలాగే గినీపిగ్ శరీరం కూడా దాన్ని తయారుచేసుకోలేదు. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు స్కర్వీ వ్యాధిని ప్రయోగశాలలో తెప్పించగలిగింది ఈ జంతువులోనే. స్కర్వీ వస్తే కీళ్లు నొప్పి పెడతాయి, ఎత్తుకుంటే విలవిలలాడుతుంది. అలాంటప్పుడు నొప్పి మందు ఒక్కటే ఇస్తూ పోతే లాభం లేదు. జామ ముక్క, క్యాప్సికం, కొత్తిమీర తిండిలో ఉన్నాయో లేదో ముందు చూడాలి.

ఇంటికి వచ్చేముందు మందు పరిమాణం మిల్లీలీటర్లలో రాయించుకుని, సిరంజి మీద ఏ గీత వరకో చూపించమనండి. కుక్కల కోసం తయారైన కొన్ని మందులతో వచ్చే సిరంజి మీద కుక్క బరువుకు తగ్గ గీతలుంటాయి, అవి మీకు పనికిరావు. ఎన్ని రోజులు ఇవ్వాలో, గడ్డి ముట్టకపోతే సిరంజితో నోటికి ఏం అందించాలో, ఎన్ని గంటల్లో పెంటికలు మామూలుగా రాకపోతే మళ్లీ తీసుకురావాలో కూడా అడిగి రాసుకోండి. రాత్రి పడుకునేముందు ఒకసారి, తెల్లవారాక ఒకసారి గూడులో గుప్పెడు గరిక పెట్టి, ఎంత తగ్గిందో చూసి ఆ కాగితం మీదే వేయండి.