ఎకో బాగుంటే సరిపోదు



స్క్లెరోడెర్మా అనే జబ్బుపై గత వారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం చర్మం గట్టిపడటం గురించి, చలికి వేళ్లు పాలిపోయి నీలంగా మారడం గురించి చక్కగా చెప్పింది. కానీ ఎకో (గుండె అల్ట్రాసౌండ్ పరీక్ష) మామూలుగా ఉంటే గుండెకు ఢోకా లేదన్న మాటను ఒప్పుకోలేను.

ఈ జబ్బులో గుండె కండరం అక్కడక్కడా మెల్లగా మచ్చకట్టి గట్టిపడుతుంది. అయినా ఎజెక్షన్ ఫ్రాక్షన్ (గుండె ఒక్కో స్పందనలో బయటకు పంపే రక్తం శాతం) చాలాకాలం మామూలుగానే కనిపించవచ్చు. మా అక్కకు అదే జరిగింది. ఎకోలో అది 60 శాతం ఉంది. మేడ మెట్లెక్కితే మాత్రం ఆయాసం, గుండెదడ. గుండె లయను నమోదు చేసే హోల్టర్ పరికరాన్ని 24 గంటలు పెట్టి చూస్తేనే గుండె లయ తప్పుతున్న సంగతి బయటపడింది.

అందుకే ఈసీజీ, ఎకోతో పాటు ట్రోపోనిన్, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ రక్తపరీక్షలూ చేయించాలి. వాటిలో తేడా వచ్చినా, లక్షణాలున్నా హోల్టర్, గుండె ఎంఆర్‌ఐ గురించి డాక్టర్‌ను అడగాలి. కండరంలోని వాపు, మచ్చలు ఎకోకు అందకపోయినా ఎంఆర్‌ఐలో కనిపించవచ్చు. ఊపిరితిత్తుల ధమనుల్లో రక్తపోటు పెరిగే ముప్పు కూడా ఉంది కనుక, దాన్ని ఏటా పరీక్షించాలని 2022 నాటి యూరప్ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఆయాసాన్ని నీరసమనో వయసనో సరిపెట్టుకోవద్దనీ, రుమటాలజిస్టుతో పాటు గుండె డాక్టర్నీ కలవాలనీ మీ పత్రిక గట్టిగా చెప్పాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, హనుమకొండ