పీక కోసిందెవరు?

యూదుల పూరిమ్ పండగ విందులో ఇద్దరు పండితులు బాగా తాగారు. మత్తులో ఒకాయన లేచి ఎదుటనున్న రబ్బీ జేరా పీక కోశాడు. తెల్లారి ప్రార్థన చేసి బతికించుకున్నాడు. మరుసటి ఏడు మళ్లీ పిలిస్తే, మహిమలు ప్రతిసారీ జరగవని జేరా తప్పించుకున్నాడు. బాబిలోనియా తాల్ముద్, మెగిల్లా, 7వ ఆకు రెండోవైపు. అచ్చులో కోసినాయన పేరు రబ్బా. సరిగ్గా దానికి పైన, శాపానికీ దీవెనకీ తేడా తెలియనంతగా ఆ రోజు తాగాలన్నాయన పేరు రవా.

చెప్పింది ఒకరూ చేసింది ఇంకొకరా, ఇద్దరూ ఒకరేనా? ఆ ప్రశ్న మాకు తట్టనే లేదు. మేం అంటే, పాత గ్రంథాల్లో ఎవరు ఎవరితో వాదించారో ఏరి, కంప్యూటర్‌లో పేరుకీ పేరుకీ గీత కలిపి పటాలు గీసేవాళ్లం. పేరు చివర హీబ్రూ అక్షరం హే ఉంటే రబ్బా, అలెఫ్ ఉంటే రవా. అంతే మా శాస్త్రం. రెండూ ‘రవ్ అబ్బా’ అన్న ఒకే పేరు అరిగి మిగిలినవని తెలిసీ, ఆ చివరి అక్షరం లేఖకుడి చేతిలో ఎంత సులువుగా మారుతుందో ఆలోచించలేదు. మన ఊళ్లో ఇద్దరు సుబ్బారావులుంటే ఇంటిపేరు అడక్కుండా ఉత్తరం కూడా ఇవ్వం!

రబ్బా పుంబెదితా విద్యాపీఠానికి పెద్ద, అబయే అనే పండితుడి తండ్రికి సోదరుడు, అతన్ని పెంచినవాడు. రవా మహోజావాడు, అబయేకి సాటి. అందుకే పేరు అబయే తర్వాత వస్తే రవా అయి ఉంటాడని, ముందొస్తే రబ్బా అని మధ్యయుగాల తోసఫోత్ వ్యాఖ్యాతలు పాఠాలు సరిదిద్దుతూ పోయారు. వాళ్లకది కాలక్షేపం కాదు. అబయేతో వాదంలో ఆరు చోట్ల తప్ప ధర్మం రవా మాటే. పేరు మారితే తీర్పే మారుతుంది.

తాల్ముద్‌లోనే సన్హెద్రిన్ అనే భాగంలో ఇంకో కథ. రవా ఒక మనిషిని సృష్టించి జేరా దగ్గరికి పంపాడు. పలకరిస్తే బదులు లేదు. జేరా వాణ్ని మళ్లీ మట్టి చేశాడు. మూలంలో ‘సృష్టించాడు’ అన్న మాట రవా పేరులోని మూడక్షరాలనే తారుమారు చేస్తే వచ్చేది. దాని ముందు ఇంకో అక్షరం చేరిస్తే ‘మనిషి’. అలెఫ్ లేకపోతే ఆ చమత్కారమే లేదు. కానీ జేరా రబ్బా తరంవాడు. ఈ తిరకాసు కళ్లెదుటే ఉన్నా, జేరాకి రెండు గీతలు గీసి ముందుకెళ్లాం.

రాతప్రతులు తగలబెట్టారు కదా, పారిస్‌లో 1242లో, రోమ్‌లో 1553లో, అని సభల్లో వాపోయేవాళ్లం. నిజమే. మిగిలినవాటినైనా చూశామా? దాదాపు మొత్తం తాల్ముద్ ఉన్న 1342 నాటి మ్యూనిక్ ప్రతి ఫొటోలు ఇంట్లో కూర్చుని తిప్పచ్చు. రబ్బినోవిచ్ అనే పండితుడు ఆ ప్రతిని పట్టుకుని 1867 నుంచి పాఠాంతరాలు అచ్చేస్తూ పోయాడు. షమ్మా ఫ్రీడ్‌మన్ అనే పరిశోధకుడు 1992లో ఈ రెండు పేర్ల రాత మీదే ప్రత్యేకంగా వ్యాసం రాశాడు. ఆ వ్యాసం చూడండని మేం అందరికీ చెప్పాం, మాలో ఒక్కరమూ చదవలేదు. నాతో సహా.

మొన్న ఒక విద్యార్థిని మా పటం ముందు నిలబడి, అబయేకీ రవాకీ మధ్య ఉన్న లావుపాటి గీత మీద వేలు పెట్టి, ఏ ప్రతులు చూశారండీ అనడిగింది.

విల్నా, అన్నాను. 1880ల నాటి అచ్చు.

అమ్మాయి తలూపి, నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంది.