పిల్లల్ని వదిలి ఎలా వెళ్లింది?

కిందటేడు నేనూ, మా వదినా ఇంగ్లండ్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లాం. ఓ సాయంత్రం అది మమ్మల్ని ఓ చిన్న హాల్లో 'ఎ డాల్స్ హౌస్' నాటకానికి తీసుకెళ్లింది. నార్వే రచయిత హెన్రిక్ ఇబ్సెన్ రాసిన ఈ నాటకాన్ని 1879 డిసెంబరులో కోపెన్‌హాగెన్‌లో మొదటిసారి ప్రదర్శించారు. చివర్లో నోరా భర్తనీ, ముగ్గురు పిల్లల్నీ వదిలి వెళ్లిపోతుంది. తలుపు ధడాలున మూసుకుంటుంది. సినిమాలో అయితే అంత పట్టించుకోమేమో. ఎదురుగా మనుషులు ఆడుతుంటే మాత్రం మనింటి తలుపే అనిపించి ఉలిక్కిపడ్డాను.

బయటికి రాగానే వదిన అంది: "ఎంత కష్టమొచ్చినా కన్నపిల్లల్ని వదిలి ఎలా వెళ్లిందమ్మా?"

వదిన ఒక్కతే కాదు. 1880లో జర్మనీలో నోరా వేషం వెయ్యాల్సిన పేరున్న నటి హెడ్‌విగ్ నీమన్ రాబె కూడా అదే మాటంది. తానైతే పిల్లల్ని వదలననీ, ఆ ముగింపు ఆడననీ పట్టుబట్టింది. ఎవరో మార్చేకంటే తానే మార్చడం నయమని ఇబ్సెన్ ఇంకో ముగింపు రాశాడు. అందులో నోరా పిల్లల గది గుమ్మం దగ్గరే కూలబడిపోతుంది. అది నాటకానికి జరిగిన అనాగరికమైన అన్యాయమని రాసినాయనే బాధపడ్డాడు.

నోరాని నిలదీసేవాళ్లు అంతకు కాసేపటి ముందు జరిగింది మర్చిపోతారెందుకో! భర్త ప్రాణం కాపాడడానికి ఆమె రహస్యంగా అప్పు చేసింది. హామీగా తండ్రి సంతకం తానే పెట్టేసింది. గుట్టు బయటపడగానే భర్త ఏమన్నాడు? పిల్లల్ని పెంచే అర్హత నీకు లేదన్నాడు. తన పరువుకి ముప్పు తప్పిందని తెలిసిన మరుక్షణమే క్షమించేశానన్నాడు. తల్లిగా పనికిరావని ముందు అన్నదెవరండీ? ఆయన్నెవరూ అడగరేం?

ఇంకో సంగతి. నోరా కథకి మూలం లారా కీలర్ అనే రచయిత్రి. ఆమెకీ భర్త వైద్యం కోసం చాటుగా అప్పు చెయ్యాల్సొచ్చింది. అది తీర్చడానికి రాసిన పుస్తకాన్ని సిఫారసు చెయ్యమంటే, తెలిసినవాడైన ఇబ్సెన్ కాదన్నాడు. చివరికి ఆమెని పిచ్చాసుపత్రిలో పెట్టారు. బయటికొచ్చాక పిల్లల కోసం ఆ ఇంటికే తిరిగెళ్లింది. తన బతుకు నాటకమైపోయిందనీ, తననంతా నోరా అంటున్నారనీ చాలాకాలం కుమిలిపోయింది.

పిల్లల కోసం ఉండిపోయిన లారా గురించి ఎవరికీ తెలీదు. వెళ్లిపోయిన నోరాని మాత్రం ఇప్పటికీ బోనెక్కిస్తున్నాం. ఇల్లు వదలమని నేను ఎవరికీ చెప్పడం లేదు. అలా వచ్చేసిన అమ్మాయి మన వీధిలో కనబడితే, "ఎలా వచ్చావు?" అనకుండా "ఏం జరిగిందమ్మా?" అని అడుగుదాం.

వదినకి ఇదంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అంది: "ఆ లారాకి పుట్టిల్లు లేదా?"