సంతలో మిరియాలు.. బ్యాంకాక్‌లో బేరం

కొయ్యూరంటే అందరికీ అల్లూరి సీతారామరాజు గుర్తొస్తాడు. 1924 మే 7న ఆయన్ని కాల్చి చంపింది ఇక్కడే. నాకు మాత్రం ఈ ఊరనగానే సంత గుర్తొస్తుంది. మావారి ఉద్యోగరీత్యా ఇక్కడికొచ్చినప్పటి నుంచీ చింతపండు, పసుపు, కొండచీపుర్లు, మిరియాలు అన్నీ సంతలోనే కొంటున్నాను.

2019లో, మిరియాల కోతలయిన రోజులు. ఏటా నాకు మిరియాలమ్మే అక్క నిండు గంప ముందు పెట్టుకుని దిగాలుగా కూర్చునుంది. "ఎలా ఇస్తున్నావక్కా?" అన్నాను. ఆమె చెప్పిన ధర రెండు మూడేళ్ళ కిందటి ధరలో సగం! ఇల్లు నడుపుకునేదాన్ని కదా, లోపల సంతోషమే వేసింది. కిలో తీసుకునేదాన్ని రెండు కిలోలు తూయించాను.

"షావుకారు ఇంకా తక్కువకి అడుగుతున్నాడమ్మా. ఎక్కడి నుంచో మిరియాలొచ్చి పడ్డాయంట. మావి ఎవరిక్కావాలి?" అంది.

ఇంటికొచ్చి డబ్బాలో పోస్తుంటే ఆ 'ఎక్కడి నుంచో' అన్న మాటే చెవిలో మోగింది.

ఎక్కడి నుంచి?

ప్రపంచంలో అందరికంటే ఎక్కువ మిరియాలు పండించి అమ్మే దేశం వియత్నాం. అక్కడ దిగుబడి ఎక్కువ, ధర తక్కువ. మన దేశంలో 2016 ప్రాంతంలో కిలో 700 రూపాయలు దాటిన మిరియాలు 2019 నాటికి సగానికి పడిపోవడానికి ఆ చవక సరుకు పెద్ద కారణం.

మరి సుంకాలు లేవా అంటే, ఉన్నాయి. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌తో మనకి 2010 జనవరి నుంచి ఒప్పందం అమల్లో ఉంది. దాని ప్రకారం మిరియాల మీద సుంకం ఏటా కొంచెం తగ్గుతూ 2019 ఆఖరుకి 50 శాతం దగ్గర ఆగింది. అంటే వంద రూపాయల సరుక్కి యాభై రూపాయలు రేవులో కట్టాలి. శ్రీలంక నుంచైతే అంత కట్టక్కర్లేదు. ఏడాదికి 2,500 టన్నులు సుంకం లేకుండానే రావచ్చు, ఆపైన దక్షిణాసియా దేశాల ఒప్పందం కింద 8 శాతం కడితే చాలు. వియత్నాం మిరియాలే శ్రీలంక చీటీ తగిలించుకుని వస్తున్నాయని కేరళ, కర్ణాటక రైతులు మొత్తుకున్నారు. 2017 డిసెంబరులో కేంద్రం కిలో 500 రూపాయల లోపు ధరకి మిరియాలు దిగుమతి కాకూడదని కట్టడి పెట్టింది. అయినా 2019లో మన రైతుకి ఆ 500 కూడా దక్కలేదు.

పీటల మీద నుంచి లేచొచ్చాం

సరిగ్గా ఆ ఏడాదే నవంబరు 4న బ్యాంకాక్‌లో పెద్ద పంచాయితీ జరిగింది. ఆసియాన్ పది దేశాలు, చైనా, జపాన్, దక్షిణ కొరియా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, మనం - మొత్తం పదహారు దేశాలు కలిసి ఒక మహా వాణిజ్య కూటమి కట్టాలని 2012 నుంచి మాట్లాడుకుంటున్నాయి. దాని పేరు ఆర్‌సీఈపీ. తీరా ముహూర్తం దగ్గర పడ్డాక, మేం చేరడం లేదని ప్రధాని మోదీ చెప్పేశారు. మిగిలిన పదిహేను దేశాలు 2020 నవంబరు 15న సంతకాలు చేసుకున్నాయి. 2022 జనవరి 1 నుంచి ఒప్పందం అమల్లోకి వచ్చింది.

మనం లేచి రావడానికి కారణాలు చిన్నవి కావు. 2018-19లో ఆ పదిహేను దేశాలకి మనం అమ్మిన దానికంటే వాటి దగ్గర కొన్నది సుమారు 10,500 కోట్ల డాలర్లు ఎక్కువ. అందులో సగం చైనాదే. ఇంకోటి పాలు. న్యూజిలాండ్ తన పాలలో చాలా భాగం బయటి దేశాలకే అమ్ముకుంటుంది. ఆ పాలపొడి చవగ్గా వచ్చి పడితే మన పల్లెల్లో ఒకటి రెండు గేదెలతో నెట్టుకొచ్చే ఇల్లాలి గతేమిటని పాల సహకార సంఘాలు గట్టిగా అడిగాయి. పాల డబ్బు చాలా ఇళ్ళలో ఆడవాళ్ళ చేతి డబ్బు. ఆ మాట నిజం.

ఇంగ్లండు కథ వేరు. ఆ దేశం 1973లో ఐరోపా కూటమిలో చేరి, నలభై ఏడేళ్ళు కాపురం చేసి, 2020 జనవరి 31న విడిపోయింది. మర్నాటి ఏడాది నుంచి ప్రతి లారీకీ కాగితాలు, తనిఖీలు. ఆ ఖర్చంతా చివరికి వంటింటి మీదే పడింది. 2020, 2021 రెండేళ్ళలో ఒక్కో కుటుంబానికి తిండి ఖర్చు సగటున 210 పౌండ్లు పెరిగిందని లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు లెక్క తేల్చారు. మనం కాపురం చేయకముందే లేచొచ్చాం కాబట్టి అంత దెబ్బ కనిపించదు. నష్టమే లేదని మాత్రం అనలేం.

ఒకే చెట్టు, రెండు కోరికలు

కొయ్యూరు నుంచి చింతపల్లి వైపు ఘాట్ ఎక్కితే నే చెప్పేది కళ్ళారా చూడొచ్చు. సిల్వర్ ఓక్ చెట్టు నీడలో కాఫీ మొక్క. అదే చెట్టుకి పాకిన మిరియాల తీగ. రెండూ ఒకే కుటుంబానివి, కోసేదీ చాలా వరకు ఆడవాళ్ళే.

మన మిరియాలు ఎక్కువగా మన వంటింట్లోనే ఖర్చవుతాయి. అందుకని మిరియాల తీగ 'తలుపు మూయండి, బయటి సరుకు రానివ్వకండి' అంటుంది. కాఫీ అలా కాదు. మన దేశంలో పండే కాఫీలో మూడింట రెండొంతులు విదేశాలకే పోతుంది. ఇటలీ, జర్మనీ వాళ్ళు కొంటేనే గిట్టుబాటు. అందుకని కాఫీ మొక్క 'తలుపులు తెరిపించండి' అంటుంది. ఒకే ఇల్లాలికి పొద్దున తలుపు మూసుకోవాలి, సాయంత్రం తెరుచుకోవాలి. కూటమిలో చేరడం మంచా, చెడా అని ఒక్క మాటలో అడిగితే ఆమె ఏం చెబుతుంది?

కూటమికి బయట ఉన్నా సరుకు ఆగలేదన్నది మరో నిజం. చైనాతో మన వాణిజ్య లోటు 2018-19లో 5,300 కోట్ల డాలర్లకి పైన ఉంటే, 2024-25 నాటికి 9,900 కోట్లు దాటింది. ఇంకోపక్క మన ప్రభుత్వం విడివిడిగా ఒప్పందాలు చేసుకుంటూనే ఉంది. 2022లో అరబ్ ఎమిరేట్స్‌తో, ఆస్ట్రేలియాతో, 2025 జులైలో బ్రిటన్‌తో సంతకాలయ్యాయి. ఆస్ట్రేలియా ఒప్పందంలో పాలని పక్కన పెట్టించగలిగారు. అంటే పట్టుబడితే మినహాయింపు సాధ్యమే. పాలకి సహకార సంఘాల గొంతు ఉంది. కొండ మీద మిరియాలకి ఏ గొంతుంది?

నాకు తోచిందేమిటంటే, పెద్ద తలుపుకి తాళం వేసినంత మాత్రాన పనవదు, పెరటి తలుపు కూడా చూసుకోవాలి. సరుకు నిజంగా ఏ దేశానిదో రేవులో గట్టిగా తనిఖీ చెయ్యాలి. గిరిజనుల పంటలు కొనడానికే 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ కోతకి ముందే ధర చాటించి, సంత రోజున తూకం పెట్టాలి. కాఫీకి కష్టపడినట్టే మిరియాలకీ పడాలి. ఇవి బ్యాంకాక్‌లో తేలే సంగతులు కావు, మనం ఇక్కడ అడిగి సాధించుకోవలసినవే.

2024 నుంచి ధర మళ్ళీ కోలుకుంది. మొన్న సంతలో అక్క చెప్పిన ధరకి నేను అరకిలోతో సరిపెట్టుకున్నాను. ఆమె మొహం మాత్రం కళకళలాడుతోంది. నాకు తెలిసినంతలో ఈ కూటముల గొడవంతా చెప్పాను. ఓపిగ్గా విని, కొంగున డబ్బు ముడేసుకుంటూ అడిగింది.

"అయితే మళ్ళీ వచ్చి పడవు కదమ్మా?"

ఏం చెప్పను?