కావలివాడికి దారి ఎవరు చెప్పాలి?

మీరు ఢిల్లీలోనో నోయిడాలోనో ఏదైనా కాలనీకి వెళ్ళినప్పుడు గేటు దగ్గర కావలివాడిని చూసే ఉంటారు. కంప్యూటర్ నెట్‌వర్క్‌కు అటువంటి కావలివాడే ఫైర్‌వాల్. లోపలి నుండి ఏ కంప్యూటర్ ఎవరిని అడిగిందో గుర్తుపెట్టుకొని, దానికి వచ్చిన జవాబును లోపలికి రానిస్తుంది. తక్కిన వాటిని, మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, ఆపుతుంది.

ఈ కావలివాడికి దారులు కూడా తెలియాలి. వాటిని మనమే చేత్తో రాసి పెట్టవచ్చు. లేదా పక్కనున్న రూటర్లు చెప్పే కబుర్లను బట్టి తానే తెలుసుకొనేటట్లు చేయవచ్చు. ఈ రెండవ పద్ధతే డైనమిక్ రూటింగ్. ఓఎస్‌పీఎఫ్, బీజీపీ అనేవి ఈ కబుర్లకు ఏర్పరచిన నియమావళులు. ఓఎస్‌పీఎఫ్‌లో సాధారణంగా 10 సెకన్లకు ఒకసారి పలకరింపు వెళుతుంది. 40 సెకన్లు పలకరింపు రాకపోతే పక్కవాడు లేడనుకొని, వేరే దారి ఉంటే దానికి మారతారు.

ఫైర్‌వాల్‌లో ఈ పద్ధతి అసలు పెట్టకూడదనేవారు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఒకే దారి ఉన్న చిన్న ఆఫీసుకు చేతిరాత చాలు. కాని ఢిల్లీలో, నోయిడాలో, గురుగ్రామ్‌లో శాఖలున్న సంస్థలో అర్ధరాత్రి కేబుల్ తెగితే, మనిషి వచ్చి దారి మార్చేదాకా పని ఆగవలసిందేనా?

అయితే వారి భయం ఊరికే పుట్టలేదు. 2008 ఫిబ్రవరి 24న ఏం జరిగిందో చూడండి. తమ దేశంలో యూట్యూబ్‌ను ఆపాలని పాకిస్తాన్ టెలికం ఒక తప్పుడు దారిని సృష్టించింది. అది దేశంలోనే ఉండిపోవలసినది. బీజీపీ ద్వారా బయటకు పొక్కింది. హాంగ్‌కాంగ్‌కు చెందిన పీసీసీడబ్ల్యూ దాన్ని వడకట్టకుండా ప్రపంచానికి అందించింది. యూట్యూబ్ 1024 చిరునామాలను కలిపి ప్రకటిస్తే, వీరు వాటిలో 256కే ప్రకటించారు. "నోయిడా" అనే చిరునామా కన్నా "నోయిడా సెక్టర్ 62" మరింత కచ్చితం కదా! రూటర్లూ అలాగే కచ్చితమైనదాన్నే ఎంచుకుంటాయి. సుమారు రెండు గంటలపాటు ప్రపంచంలో చాలా చోట్ల యూట్యూబ్ అందలేదు.

ఇక్కడ తప్పు కబురు వినడంలో లేదు, విన్నదల్లా నమ్మడంలో ఉంది. అందుచేత బీజీపీ పెట్టేముందు, ఏ దారులను స్వీకరించాలో, ఏవి బయటకు చెప్పాలో జాబితా రాయండి. ఓఎస్‌పీఎఫ్ అయితే పొరుగు రూటర్లతో రహస్య సంకేతం పెట్టుకోండి. ఇంటర్నెట్ వైపు పలకరింపులే పంపవద్దు. శిక్షణలో కూడా మొదట ఈ జల్లెడ రాయించి, తరువాతే రూటింగ్ ప్రారంభింపజేయాలని నా అభిప్రాయం.

ఇంకొక చిక్కు ఉంది. కాలనీకి రెండు గేట్లు ఉన్నాయనుకోండి. మొదటి గేటు నుండి వెళ్ళినవాడు రెండవ గేటుకు తిరిగివస్తే, అక్కడి కావలివాడు అతన్ని ఎరగడు, ఆపేస్తాడు. దారులు వాటంతట అవే మారే నెట్‌వర్క్‌లో ఇది తరచు జరిగేదే. చూడబోతే దారి బాగానే ఉంటుంది, జవాబు మాత్రం రాదు. దీనికి రెండు ఫైర్‌వాల్‌లూ తమ చిట్టాను ఒకదానికొకటి అందించుకోవాలి. లేదా పోయిన దారినే జవాబు వచ్చేటట్లు దారులకు వేసే ఖర్చు అంకెలను సరిచేయాలి.